అస్సేలో లెడ్ అంతే ఉంది, రికవరీ మాత్రం పడిపోయింది: రెండు వానాకాలాలు తడిసిన స్టాక్‌పైల్ కేసు

కొత్తగా ఫ్లోటేషన్‌లోకి (రుబ్బిన ఓర్‌ని, అంటే ముడి ఖనిజాన్ని, నీళ్ళలో కలిపి కావాల్సిన గింజల్ని గాలి బుడగలతో నురుగులోకి తేల్చే పని) వచ్చిన పిల్లలు నన్ను తరచూ అడిగేది, సర్ హెడ్ గ్రేడ్ (లోపలికి పోయే ఓర్‌లో లోహం శాతం) మారలేదు, రీజెంట్లు (వేసే రసాయనాలు) మారలేదు, మరి రికవరీ (ఆ లోహంలో చేతికొచ్చే వాటా) ఎందుకు పడిందీ అని. ప్రతిసారీ ఇదే కథ చెప్తుంటా, చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి ఈసారి కూర్చుని రాసేస్తున్నా. ప్లాంట్ పేరు, ఊరు, సంవత్సరం చెప్పను. అంకెలు కూడా కొంచెం అటూ ఇటూ సర్దాను, కానీ ఏది ఎటు పోయిందో అది మాత్రం జరిగింది జరిగినట్టే.

అండర్‌గ్రౌండ్ నుంచి వచ్చే లెడ్-జింక్ ఓర్, రోజుకి 3 వేల టన్నుల ప్లాంట్. లెడ్ 2% దగ్గర, జింక్ 6% దగ్గర, చాల్కోపైరైట్ (కాపర్ ఖనిజం) ఉందంటే ఉంది అన్నట్టు కాపర్ 0.1%. అసలు తలనొప్పి పైరోటైట్ (ఐరన్ సల్ఫైడ్, గాలీ నీళ్ళూ తగిలితే యాసిడ్ పుట్టిస్తుంది), అది దండిగా ఉంది. చుట్టూ ఉన్న రాతిలో కార్బొనేట్ తక్కువ, అంటే యాసిడ్ పుడితే దాన్ని అక్కడికక్కడ చంపే సున్నపురాయి లాంటిది ఏమీ లేదన్నమాట. సర్క్యూట్ మామూలుదే, ముందు లెడ్ తేల్చి తర్వాత జింక్. మిల్‌లో (ఓర్ రుబ్బే చోట) సున్నం, సైనైడ్, జింక్ సల్ఫేట్ వేసి స్ఫాలరైట్‌ని (జింక్ ఖనిజం) అణిచిపెట్టి జాంతేట్‌తో (గింజ బుడగకి అంటుకునేలా చేసే రసాయనం, అంటే కలెక్టర్) గెలీనా (లెడ్ ఖనిజం) తేల్చడం, తర్వాత కాపర్ సల్ఫేట్ వేసి స్ఫాలరైట్‌ని లేపడం. మంచి రోజుల్లో లెడ్ రికవరీ 82 శాతం, లెడ్ కాన్సంట్రేట్‌లో (తేల్చి తీసిన సరుకులో) జింక్ 5 శాతం దాటేది కాదు.

మైన్ డెవలప్‌మెంట్ టైమ్‌లో ప్లాంట్ ఇంకా రెడీ అవ్వక తవ్విందంతా బయట యార్డ్‌లో పోశారు, లక్షా అరవై వేల టన్నులు. అది రెండు వానాకాలాలు తడిసింది, మధ్యలో ఒక ఎండాకాలం ఎండింది. పైన రంగు మారింది, ముందు నల్లగా మెరిసేది కాస్తా ఇటుక రంగు, తర్వాత అక్కడక్కడ పసుపు చారలు. జనవరి పొద్దున్నే వెళ్తే గుట్ట మీద ఆవిరి లేచేది. లోడర్ డ్రైవర్ ఒకాయన 'సాబ్, గుట్ట లోపల కాలుతోంది' అన్నాడు, నేను నవ్వి ఫోన్‌తో ఫోటో తీసుకున్నా, బాగుందని వాట్సాప్‌లో స్టేటస్ కూడా పెట్టా. పైరోటైట్ ఆక్సిజన్‌తో కలిస్తే వేడి పుడుతుందని పుస్తకంలో చదివినవాణ్ణే, కళ్ళముందు గుట్ట ఆవిరి కక్కుతుంటే మాత్రం స్టేటస్ పెట్టుకున్నా.

తర్వాత ఒక స్టోప్ (గనిలో ఓర్ తవ్వితీసే చోటు) లేట్ అయ్యి మైన్ నుంచి ఓర్ తగ్గింది. టన్నులు తగ్గకూడదు కాబట్టి ఫీడ్‌లో నాలుగో వంతు యార్డ్ నుంచి తీసుకోండని పైనుంచి మాట వచ్చింది. శాంపిల్ తీసి అస్సే (ఏ లోహం ఎంత శాతం ఉందో చూసే ల్యాబ్ పరీక్ష) చేయిస్తే లెడ్ 2.1, జింక్ 5.9, అంటే ఫ్రెష్ ఓర్ ఎంతో ఇదీ అంతే. అందరం ఆ షీట్ చూసి సంతకాలు పెట్టాం, నా సంతకం కూడా ఉంది అందులో.

సమస్య మొదలైంది ఇలా

మొదటి వారంలోనే లెడ్ రికవరీ 82 నుంచి 75, రెండో వారానికి 68. లెడ్ కాన్సంట్రేట్‌లో జింక్ 11కి వెళ్ళింది, కాన్సంట్రేట్ కొని కరిగించే స్మెల్టర్ వాళ్ళు పెనాల్టీ లెటర్ రాసే స్థాయి అది. లెడ్ రఫర్‌లో (మొదటి దశ ఫ్లోటేషన్ తొట్టెల్లో) నురుగు ఉండాల్సిన సీసపు రంగు పోయి గోధుమరంగు తిరిగింది, బుడగ ముట్టుకుంటే జిగురుగా ఉంది. పీహెచ్ ఒక గంట 9, ఇంకో గంట 8, సున్నం పోస్తూనే ఉన్నాం. జింక్ సైడ్ కూడా బాలేదు, పైరోటైట్ తేలి వచ్చి జింక్ కాన్సంట్రేట్ గ్రేడ్ పడింది, దాని సంగతి కిందెక్కడో వస్తుంది.

మొదట అనుమానం జాంతేట్ మీదకి పోయింది. అప్పుడే కొత్త బ్యాచ్ డ్రమ్ములు వచ్చాయి, జాంతేట్ తేమ తగిలితే చెడిపోతుంది, కాబట్టి అనుమానం మరీ తప్పేం కాదు. పాత బ్యాచ్, కొత్త బ్యాచ్ పక్కపక్కన ల్యాబ్ సెల్‌లో పెట్టి చూశాం, తేడా లేదు. ఇది తేలడానికి వారం పట్టింది, అందులో నాలుగు రోజులు సప్లయర్‌తో మెయిళ్ళ గొడవకే పోయింది.

తర్వాత అందరూ చేసేదే మేమూ చేశాం, లెడ్ తేలట్లేదు కాబట్టి కలెక్టర్ పెంచు. జాంతేట్ టన్నుకి 60 గ్రాముల నుంచి 110కి తీసుకెళ్ళాం. లెడ్ రికవరీ రెండు పాయింట్లు లేచింది, కానీ దానితోపాటు జింక్, ఐరన్ అంతకంటే ఎక్కువ లేచొచ్చాయి. ఇప్పుడు ఆలోచిస్తే కారణం స్పష్టంగానే ఉంది. గెలీనా కుళ్ళితే, అంటే గాలీ నీళ్ళూ తగిలి ఆక్సిడైజ్ అయితే, దాని మీద లెడ్ సల్ఫేట్ పొర వస్తుంది, దాన్నే ఆంగ్లసైట్ అంటాం, కార్బొనేట్ ఉన్న చోటైతే సెరుసైట్. ఆ ఆంగ్లసైట్ నీళ్ళలో కొంచెం కరుగుతుంది, కరిగిన లెడ్ జాంతేట్‌ని పట్టుకుని నీళ్ళలోనే లెడ్ జాంతేట్‌గా పడిపోతుంది. మనం పోసిన కలెక్టర్‌లో సగం గింజ మీదకి చేరకముందే ఖర్చు. మిగిలిన సగమైనా సరైన చోటికి పోయిందా అంటే అదీ లేదు.

మూడోది, భయపెట్టింది. లెడ్‌లోకి జింక్ వస్తోంది కాబట్టి సైనైడ్, జింక్ సల్ఫేట్ పెంచుదామన్నారు. లాజిక్ ఉంది, నేనూ సరే అన్నా. ఒక రాత్రి షిఫ్ట్‌లో యార్డ్ నుంచి తడి ఫైన్స్ (సన్న పొడి) ఒకేసారి గుంపుగా మిల్‌లోకి పడ్డాయి, పీహెచ్ 7.4కి జారింది, సున్నం వాల్వ్ అందుకోలేకపోయింది. పీహెచ్ 9.2 దగ్గర సైనైడ్ సగం అయాన్‌గా, సగం హైడ్రోజన్ సైనైడ్‌గా ఉంటుంది, దాని కిందకి దిగేకొద్దీ అంతా హైడ్రోజన్ సైనైడ్ గ్యాస్ వైపే పోతుంది. మిల్ డిశ్చార్జ్ దగ్గర నిలబడ్డ ఆపరేటర్ బెల్ట్‌కి ఉన్న డిటెక్టర్ కూసింది, ఆయన డోసింగ్ ఆపేసి బయటికి పరిగెత్తాడు కాబట్టి సరిపోయింది. ఆ వాసన కొంతమందికి పుట్టుకతోనే తెలీదు, అందుకే ముక్కుని నమ్ముకుంటే కుదరదు. ఆ రాత్రి తర్వాత నేను ఒకటే చెప్పా, పీహెచ్ ఎందుకు జారుతోందో తేలేదాకా సైనైడ్ ఒక్క గ్రాము కూడా పెరగదు అని. ప్రొడక్షన్ వాళ్ళకి కోపం వచ్చింది, రానివ్వండి.

మేకు

ల్యాబ్‌లో పల్నాడు నుంచి వచ్చిన ఒకమ్మాయి జూనియర్ కెమిస్ట్. యార్డ్ ఓర్ బకెట్‌లో వేసి మామూలు నీళ్ళు పోసి కలిపి చూడమన్నా, ఇంకేం రీజెంట్ వద్దు, ఓర్ తనంతట తను నీళ్ళకి ఏం చేస్తుందో చూద్దామని. పది నిమిషాల్లో పీహెచ్ పేపర్ 4 దగ్గర ఆగింది. ఫ్రెష్ ఓర్ బకెట్ 7.5. నీళ్ళు వడగడితే లేత ఆకుపచ్చ ఛాయ. అప్పుడు ఆ అమ్మాయి 'సర్, ఒక మేకు వేద్దామా, పదో తరగతిలో మైలుతుత్తం నీళ్ళలో వేసేవాళ్ళం కదా' అంది. నాకు తట్టలేదు ఆ మాట, ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది ఏం లాభం. వర్క్‌షాప్ నుంచి కొత్త మేకు తెచ్చి, సాండ్‌పేపర్‌తో రుద్ది, ఆ నీళ్ళలో పడేసి టీ తాగొచ్చాం. వచ్చేసరికి మేకు మీద ఎర్రటి పొర, వేలితో తుడిస్తే రాగి పొడి అంటుకుంది.

అంటే ఆ 0.1% కాపరే. అస్సే షీట్‌లో ఎవరూ లెక్కచెయ్యని ఆ కాస్త చాల్కోపైరైట్ యాసిడ్ నీళ్ళలో కరిగి కాపర్ అయాన్‌గా తిరుగుతోంది. కాపర్ అయాన్ స్ఫాలరైట్ మీద ఏం చేస్తుందో ఫ్లోటేషన్ చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు, పైపొరలో జింక్‌ని తోసేసి తను కూర్చుంటుంది, ఇక జాంతేట్‌కి ఆ గింజ కాపర్ మినరల్‌లా కనిపిస్తుంది. జింక్ సర్క్యూట్‌లో మనం డబ్బులిచ్చి కాపర్ సల్ఫేట్ కొని చేసే పని ఇదే, ఇక్కడ అడక్కుండానే లెడ్ సర్క్యూట్‌లో జరిగిపోతోంది. పైరోటైట్ కూడా అలాగే లేస్తుంది, జింక్ కాన్సంట్రేట్ ఎందుకు పాడైందో అక్కడ తెలిసింది. సైనైడ్ ఎంత పోసినా ముందు ఆ కరిగిన కాపర్‌నే పట్టుకుంటుంది, గింజ దాకా మిగలదు.

ఇప్పుడు అసలు లెక్క కావాలి, ఎంత కుళ్ళింది అని. దానికి ఈడీటీఏ (లోహాల్ని పట్టి నీళ్ళలోకి తెచ్చే రసాయనం) టెస్ట్ పెట్టాం, 3% ద్రావణం, పీహెచ్ 7.5, కాసేపు కలిపి వడగట్టడం, అంతే. ఫ్రెష్ గెలీనాని ఈడీటీఏ ముట్టుకోదు, ఆక్సిడైజ్ అయిన పొరని మాత్రం కరిగిస్తుంది. మొత్తం లెడ్‌లో ఎంత కరిగి వచ్చిందో అదే కుళ్ళిన వాటా. ఫ్రెష్ ఓర్‌లో 3%. యార్డ్ ఓర్‌ని 10 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి విడివిడిగా చేస్తే పైన నిలిచిన గడ్డల్లో 6%, కిందకి రాలిన ఫైన్స్‌లో 31%. బరువులో ఫైన్స్ 40 పాళ్ళు, గడ్డలు 60, అంటే గుట్ట మొత్తానికి సగటున 16.

నన్ను కూర్చోబెట్టింది ఈ 16. ఫ్రెష్ కన్నా 13 ఎక్కువ, ఫీడ్‌లో యార్డ్ ఓర్ నాలుగో వంతు, కాబట్టి కుళ్ళిన లెడ్ మొత్తం టెయిల్స్‌కి (తేలకుండా మిగిలే వ్యర్థంలోకి) పోయిందనుకున్నా నష్టం 3 పాయింట్ల పైచిలుకు. మాకు పడింది 14. మిగతా 10, 11 పాయింట్లు ఎవరివి? ఫ్రెష్ ఓర్‌వి. పాత ఓర్ తన లెడ్ తను పోగొట్టుకుని ఊరుకోలేదు, పక్కనున్న మంచి ఓర్ నీళ్ళు కూడా చెడగొట్టింది. పాలకుండలో ఉప్పురాయి అంటారే, అచ్చంగా అదే. నాలుగో వంతే కదా కలిపేది, నాలుగో వంతు నష్టమేగా వచ్చేది అని బ్లెండ్ షీట్‌లో సగటు లెక్క కట్టాం, కానీ నీళ్ళలో కరిగిన అయాన్లకి ఆ సగటు లెక్క పట్టదు.

కల్లంలో తడిసిన వడ్లు చూసినవాళ్ళకి ఇది కొత్తగా ఏం ఉండదు. తూకం వేస్తే బస్తా బస్తాయే, మిల్లుకి పోతే నూక. మా అస్సే షీట్ కూడా తూకం లాంటిదే, లెడ్ ఎంతుందో చెప్తుంది, ఏ రూపంలో ఉందో చెప్పదు.

సోడియం హైడ్రోసల్ఫైడ్ దగ్గర బోల్తా

ఆక్సైడ్ లెడ్ అనగానే ప్రతివాడూ సల్ఫైడైజేషన్ అంటాడు. హైడ్రోసల్ఫైడ్ వేస్తే కుళ్ళిన గింజ మీద మళ్ళీ సల్ఫైడ్ పొర వస్తుంది, జాంతేట్ పడుతుంది. ల్యాబ్‌లో మూడు టెస్టులు బ్రహ్మాండంగా వచ్చాయి, ఆ ఉత్సాహంలో ప్లాంట్‌లో పెట్టాం. హైడ్రోసల్ఫైడ్ ఎక్కువైందో తక్కువైందో చూపించే పొటెన్షియల్ ప్రోబ్ లేదు, ఆర్డర్ పెడితే నెలలు పడుతుంది, చేత్తో డోస్ చేద్దాం అనుకున్నాం. అక్కడే తప్పు చేశాం. ల్యాబ్‌లో ఒకే శాంపిల్, ప్లాంట్‌లో లారీ లారీకి కుళ్ళు వేరు. తక్కువ కుళ్ళిన ఓర్ వచ్చిన గంటలో హైడ్రోసల్ఫైడ్ మిగిలిపోయింది, మిగిలిన సల్ఫైడ్ అయాన్ ఫ్రెష్ గెలీనానే అణిచేస్తుంది. తెల్లవారుజామున లెడ్ రఫర్లలో నురుగు తెల్లగా, ఖాళీగా, సబ్బు నురుగులా ఉంది. రెండున్నర గంటలు లెడ్ దాదాపు రాలేదు. పైగా పీహెచ్ జారితే దీన్నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, మా పీహెచ్ ఎలా జారుతోందో పైన చెప్పాను కదా.

ప్రోబ్ ఉంటే పనిచేసేదా? సెరుసైట్ అయ్యుంటే చేసేదేమో. ఏ ఖనిజమో తేల్చే ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కి పంపితే మా ఫైన్స్‌లో ఎక్కువ ఆంగ్లసైట్ అని వచ్చింది. దాని మీద సల్ఫైడ్ పొర సరిగ్గా నిలవదు, గీసుకుని రాలిపోతుంది, రీజెంట్ తాగుతూనే ఉంటుంది. ఆ రోజు నేను ఒకటి తేల్చుకున్నా. కుళ్ళిన లెడ్ పోతే పోనీ, అది 3 పాయింట్ల సంగతి. కాపాడాల్సింది ఆ 11 పాయింట్లు. అప్పటిదాకా మేమందరం పాడైన ఓర్‌కి మందు వెతికాం, ఆ తర్వాత మంచి ఓర్‌ని దాన్నుంచి దూరంగా పెట్టడం మొదలుపెట్టాం.

పనిచేసింది

ముందు యార్డ్ ఓర్ పూర్తిగా ఆపమన్నా, పది రోజులు. ప్లాంట్ బాగానే ఉందని రుజువు కావాలి కదా. ఆపేశాం. మొదటి రోజు మార్పు లేదు, రెండో రోజు లేదు, మూడో రోజు మీటింగ్‌లో 'యార్డ్ ఓర్ కాదన్నమాట సమస్య' అని ఒకాయన ఫైల్ మూసేశాడు. నాకూ చెమటలు పట్టాయి. అప్పుడు రిటర్న్ వాటర్ ట్యాంక్ శాంపిల్ తీయించా, టెయిలింగ్స్ డ్యామ్ నుంచి తిరిగొచ్చే నీళ్ళు. సల్ఫేట్, కరిగిన లోహాలు అందులో ఇంకా పేరుకునే ఉన్నాయి. యార్డ్ ఓర్ ఆగింది కానీ దాని నీళ్ళు ఆగలేదు, అవే మళ్ళీ మళ్ళీ మిల్‌లోకి. ఫ్రెష్ వాటర్ పెంచి పాత నీళ్ళు పక్కకి పంపాక ఐదో రోజుకి 74, ఎనిమిదో రోజుకి 81. ఆ మూడో రోజు శాంపిల్ తీయకపోయుంటే ఈ కేసు అక్కడే మూతపడేది, తప్పుడు ముగింపుతో.

ఆ తర్వాత యార్డ్‌లో ఒక మొబైల్ స్క్రీన్ అద్దెకి తెచ్చి 10 మిల్లీమీటర్ల మీద జల్లెడ పట్టాం, జల్లెడ మీదే నీళ్ళు కొట్టి గడ్డల్ని కడిగాం. కడిగిన నీళ్ళు విడిగా గుంతలోకి, అందులో సున్నం. గడ్డ లోపల ఓర్ దాదాపు ఫ్రెష్‌గానే ఉంటుంది, కుళ్ళేది పైచర్మం, అది కడిగితే చాలావరకు పోతుంది. కడిగిన గడ్డల్ని ఫీడ్‌లో 15% కలిపాం, బకెట్ టెస్ట్‌లో పీహెచ్ 6.5 కన్నా తగ్గితే ఆ లారీ వెనక్కి.

రెండోది, మిల్‌లో సున్నం బదులు సోడా యాష్, మన చాకలి సోడానే. ఖరీదు ఎక్కువ, ఫైనాన్స్ వాళ్ళు ముఖం చిట్లించారు. కానీ సున్నం పీహెచ్‌ని ఎత్తుతుందే గానీ పట్టుకుని నిలబెట్టదు, పైగా కాల్షియం గెలీనాకి అంత మంచిది కాదు. సోడా యాష్ పీహెచ్‌ని ఒకచోట నిలబెడుతుంది, కరిగిన లెడ్, జింక్, కాపర్‌లని కార్బొనేట్‌గా కింద పడేస్తుంది. పీహెచ్ చార్ట్‌లో కోతి గంతులు ఆగి గీత నిదానంగా పోవడం చూసిన రోజు కంట్రోల్ రూమ్‌లో ఎవరో స్వీట్లు తెచ్చారు. సైనైడ్ కూడా మళ్ళీ పాత డోస్‌కే వచ్చింది, పెంచాల్సిన పనే పడలేదు. ఈ బ్లెండ్‌తో లెడ్ 79, 80 మధ్య నిలబడింది, కాన్సంట్రేట్‌లో జింక్ 6. జాంతేట్ 65 గ్రాములు.

ఫైన్స్ సంగతి మాత్రం కక్కలేక మింగలేక. వాటిని ఫ్రెష్ ఓర్‌తో అస్సలు కలపకుండా, ప్రతి షట్‌డౌన్‌కి ముందు రెండు రోజులు విడిగా క్యాంపెయిన్ నడిపాం, ఆ నీళ్ళు రిటర్న్ ట్యాంక్‌కి పోకుండా వాల్వ్ తాళం వేశాం. లెడ్ 48 వచ్చింది, జింక్ 70 దగ్గర. ఖర్చులు పోను చేతికి పెద్దగా మిగల్లేదు. అలాగే వదిలేస్తే ప్రతి వానకీ యాసిడ్ నీళ్ళు కారతాయి, దాని ట్రీట్‌మెంట్ ఖర్చు ఎప్పటికీ ఉంటుంది, ఆ లెక్క కూడా కలిపి చూపిస్తేనే క్యాంపెయిన్‌కి ఒప్పుకున్నారు.

రాజస్థాన్‌లో రాజ్‌పురా-దరీబా దగ్గర గోసన్ ఉంది, జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా కాపాడుతున్న తుప్పు రాయి. లోపలున్న సల్ఫైడ్ ఎన్నో యుగాలు ఎండకీ వానకీ కుళ్ళి పైన అలా టోపీలా మిగిలింది. దాన్ని చూసే జియాలజిస్టులు కింద ఓర్ ఉందని పట్టుకుంటారు. అక్కడ అంత కాలం పట్టిన పని మా యార్డ్‌లో రెండు వానాకాలాల్లో ఎందుకైందంటే మేం దాన్ని బ్లాస్ట్ చేసి, చిన్న ముక్కలు చేసి, గాలి ఆడేలా గుట్టపోశాం. ఇంతకన్నా శ్రద్ధగా కుళ్ళబెట్టాలన్నా కుదరదు.

ఇప్పుడు అక్కడ ప్రతి గుట్టకీ పోసిన తేదీతో బోర్డు ఉంటుంది, ముందు పోసింది ముందు ఎత్తాలి, వానకి ముందు యార్డ్ ఖాళీ అవ్వాలి. ఈడీటీఏ నెలకోసారి, బకెట్ రోజూ. మేకు టెస్ట్ ఎస్‌ఓపీలో (పని ఎలా చెయ్యాలో రాసుండే పత్రంలో) రాయమంటే క్వాలిటీ వాళ్ళు 'ఇది ఏ స్టాండర్డ్ సర్' అన్నారు, రాయలేదు, కానీ షిఫ్ట్ కెమిస్టులు చేస్తూనే ఉన్నారట.

గుట్ట అడుగున ఆరేడు వేల టన్నులు మిగిలింది. అది గట్టిగా పేరుకుపోయి కాంక్రీట్‌లా అయింది, లోడర్ బకెట్ పళ్ళు దిగలేదు, బ్రేకర్ పెట్టి పగలగొట్టాల్సి వచ్చింది. శాంపిల్ ఈడీటీఏలో లెడ్ సగానికి పైగా కరిగిపోయింది. ఇది ఓర్ కాదు, ప్లాంట్‌కి పంపొద్దు అని రాసిచ్చా, లెడ్ 2% ఉంది కదా అని మళ్ళీ ఒకాయన అస్సే షీట్ తీశాడు. చివరికి సున్నం కలిపి టెయిలింగ్స్ డ్యామ్‌లో పూడ్చారు. ఆఖరి ట్రిప్పు తోలింది ఆ లోడర్ డ్రైవరే, 'ఆ రోజే చెప్పాగా సాబ్, కాలుతోందని' అన్నాడు. నా ఫోన్‌లో ఆ ఫోటో ఇంకా ఉంది, ఈసారి ఆయనకి చూపించా.